మూడో లైన్ చాలు

నాగవ్వ ఏడాదిపాటు ‘చాలు’ అనే మాటను నోట్లోంచి బయటికి రానివ్వలేదు. అన్నం వడ్డిస్తుంటే చెయ్యి అడ్డం పెట్టేది. చాయ పోస్తుంటే గ్లాసు వెనక్కి లాక్కునేది. పక్కింటి శాంతవ్వ ఒకసారి కావాలనే ఆమె ముందర జొన్నరొట్టెల మీద రొట్టెలు వేస్తూ పోయింది, ఇవాళన్నా ఆ మాట అంటుందేమో చూద్దామని. నాగవ్వ ఏడు రొట్టెలు ముందు పేర్చుకుని, "ఎయ్యి, ఎయ్యి. నీ గంపల పిండెంతుందో నేను గూడ సూస్త" అంది. శాంతవ్వ పకపకా నవ్వింది గానీ మళ్ళీ ఆ వేళాకోళం ఎన్నడూ ఆడలేదు.

ఆ మాట మీద నాగవ్వకు పగ. మాట మీద పగేమిటి, పగంటే మనిషి మీద ఉండాలి గానీ, అంటారేమో. మనిషి మీదా ఉంది. ఆ మనిషి పేరు కిష్టప్ప. తాండూరు స్టేషన్లో కాంట్రాక్టరు దగ్గర మున్షీ.

నాగవ్వది బషీరాబాద్ పక్కన చిన్న పల్లె. ఆమె మొగుడు యోబు పటేలు చేన్లో జీతానికుండేవాడు. పోలీసు యాక్షన్ అయిన మరుసటేడు ఆ జీతానికి దండం పెట్టి, ఒక గంప, ఒక గొంగడి, ఒక డప్పు నెత్తిన పెట్టుకుని ఇద్దరూ తాండూరు వచ్చేశారు. డప్పు ఎందుకంటే, ఆదివారం ప్రార్థనలో పాటలకు యోబే డప్పు కొట్టేవాడు. అతను కొడితే పాట రానివాడు కూడా నోరు విప్పేవాడు. స్టేషన్లో బండలు వ్యాగన్లకెత్తే హమాలీ పని దొరికింది అతనికి. నాగవ్వ మట్టి గంపలు మోసేది.

యోబు చుక్క తాగేవాడు కాదు. ఈ సంగతి మరిచిపోకండి, నా కథంతా దీని చుట్టే తిరుగుతుంది. ముఠా అంతా ఈతచెట్ల కింద కల్లుకు కూర్చుంటే, అతను వాళ్ళ తువ్వాళ్ళకూ చెప్పులకూ కాపలా కూర్చునేవాడు. "యోబుకు చాయ తాగినా ఎక్కుతదిరా" అని వాళ్ళు నవ్వితే తనూ నవ్వేవాడు. అట్లాంటి మనిషి.

యాభై ఏడులో తాండూరు స్టేషన్‌ను తిరగదోడడం మొదలుపెట్టారు. పాత గూడ్సు షెడ్డు పడగొట్టారు, ప్లాట్‌ఫారం ఎత్తు పెంచారు, పట్టాలు ఒకచోట పీకి ఇంకోచోట వేశారు. పొద్దున నడిచిన దారి పొద్దుగూకేసరికి ఉండేది కాదు. నిన్న నీళ్ళు పట్టుకున్న నల్లా దగ్గర ఇవాళ నడుములోతు గొయ్యి. ఏ లైన్లో బండి వస్తుందో, ఏది తవ్వేశారో తెలియకపోతే ప్రాణానికే మోసం. అక్కడ పనిచేసేది నూట ఇరవై మంది. అందులో చదువొచ్చినవాళ్ళను వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు, అదీ ఒక చేతి వేళ్ళే.

రోజూ పొద్దున స్టేషనువాళ్ళు ఆ రోజు మార్పులన్నీ కాగితమ్మీద రాసి మున్షీకి ఇచ్చేవాళ్ళు. అందరినీ కూర్చోబెట్టి, విడమరచి చెప్పడం అతని పని. కిష్టప్ప వికారాబాద్ నుంచి పొద్దుటి ప్యాసింజర్లో దిగేవాడు. తెల్ల పైజామా, నల్ల గొడుగు, చంకలో తమలపాకుల డబ్బీ. ఉర్దూలో నాలుగు తరగతులు చదివాడు, అంతటితో తనకు కూలివాళ్ళతో తెలుగు మాట్లాడ్డం కూడా నామోషీ అయిపోయింది. దిగీ దిగగానే ఎడంచేత్తో కాగితం పట్టుకుని, కుడిచేత్తో ఆకుకు సున్నం రాసుకుంటూ గడగడా చదివేవాడు. చదవడం అయ్యీ కాకముందే సిరా గుడ్డ ముందుకు తోసేవాడు. అందరూ వేలు పెట్టాలి. మాకు అంతా తెలియజెప్పారు, మేమంతా విన్నాం అని దాని అర్థం. కాగితమ్మీద నూట ఇరవై బొటనవేళ్ళు పడితే కిష్టప్ప పని అయిపోయినట్టే. ఎవరికి ఏం అర్థమైందో ఆయనకు ఫికరే లేదు.

ఆ రోజు ఇట్లా చదివాడు:

"ఒకటి బంద్. రెండు బంద్. మూడు చాలు. వేలు పెట్టుర్రి, జల్ది జల్ది."

ఆఫీసుల్లో, ఉర్దూలో ‘చాలూ’ అంటే నడుస్తోంది అని. మూడో లైన్లో బండ్లు వస్తాయి, జాగ్రత్త అని ఆ కాగితం అర్థం. కిష్టప్ప నోట్లో ఆకు పెట్టుకుని ఆ దీర్ఘం కాస్తా మింగేశాడు. బషీరాబాద్ పల్లెల్లో బండి నడవడం మొదలైతే షురూ అయింది అంటారు. ‘చాలు’ అంటే ఒకటే అర్థం వాళ్ళకు. ఇంక వద్దు, అయిపోయింది. మూడు చాలు అంటే మూడో లైన్ పని అయిపోయింది, ఇంక దాని జోలి లేదు, అంతే. యోబు కూడా అంతే అనుకున్నాడు. బుద్ధిగా వేలు పెట్టాడు.

ఎండెక్కాక కాలికి బండ అంచు గీరుకుంటే, గుడ్డ కట్టుకుందామని మూడో లైన్ పట్టా మీద కూర్చున్నాడు. వ్యాగన్లను వెనకనుంచి నెట్టుకుంటూ వచ్చింది ఇంజను. ఇంజను ఎక్కడో అవతల ఉంది, చప్పుడు ముందుకు రాలేదు. యోబు అరుపు విని నాగవ్వ గంప పారేసి వచ్చేసరికి మోకాళ్ళ కింద ఏమీ మిగల్లేదు.

తర్వాతి బండిలో వికారాబాద్ దవాఖానకు తీసుకుపోయారు. మూడు రోజులున్నాడు. ఆ మూడు రోజులూ పెళ్ళాం చెయ్యి పట్టుకుని ఒకటే మాట. "చాలన్నడు గద నాగీ. మూడో లైన్ చాలన్నడు గద." ఏదో తప్పు చేసి దొరికిపోయినవాడిలా అడిగేవాడు. నాలుగోనాడు ఆ మాట కూడా ఆగిపోయింది.

విచారణకు హైదరాబాద్ నుంచి పెద్ద సాబు వచ్చాడు. ఆయనకు తెలుగు రాదు. ఏం చెప్పావని అడిగితే కిష్టప్ప చేతులు కట్టుకుని ఉర్దూలో, "తీన్ నంబర్ చాలూ అని సాఫ్‌గ చెప్పిన హుజూర్. ఇగో చచ్చినోని వేలిముద్ర" అన్నాడు. ఇప్పుడు మాత్రం దీర్ఘం ఎంత చక్కగా పలికాడో దొంగ సచ్చినోడు! అంత బాగా చెబితే ఆ మనిషి పట్టా మీద ఎందుకు కూర్చున్నాడు, అని సాబు అడిగాడు. కిష్టప్ప తడుముకోకుండా, "తాగి ఉండె సాబ్" అన్నాడు.

కాగితమ్మీద అదే రాశారు. తాగి ఉన్నాడు. ఏసు ముందు డప్పు కొట్టిన మనిషిని తాగుబోతని రాసి, సంతకం పెట్టి, దారం కట్టి తీసుకుపోయారు.

ఆ సాయంత్రం కిష్టప్ప వికారాబాద్ పోయే బండి కోసం నిలబడితే నాగవ్వ ఎదురుగా పోయింది.

"మున్షీ సాబ్, నా పెనిమిటి తాగడని నీకెరికె."

"ఎరికెనో లేదో, కాయిదం మీద పడ్డది. ఇగ నేనేం జేస్త?"

"నువ్వు చెప్పింది మాకు సమజ్ కాలే. గా ముక్క చెప్పు సాబుకు. మాట తిరగవడ్డదని చెప్పు."

కిష్టప్ప గొడుగుతో నేలమీద టకటకా కొట్టాడు. "చాలు అంటే తెల్వనోడు మనిషేనా? చంటిపోరనికి గూడ తెలుస్తది. తాగినోనికి తప్ప అందరికి సమజైతది. పో, పో."

నాగవ్వ ఏడవలేదు, శాపనార్థాలు పెట్టలేదు. "మంచిది. గీ మాట యాదుంచుకో. నీ మాట నీతోనే తినిపిస్త" అని మాత్రం అంది. ఆ రోజునుంచే ఆ మాట ఆమె నోట్లో లేదు. దాచిపెట్టుకుంది, వాడికోసం.

ప్రార్థన చెప్పే యోహాను అయ్యగారు ఇంటికొచ్చి, "క్షమించు బిడ్డా, గుండె బరువు తగ్గుతది" అన్నాడు.

"అడిగినోనికి గద అయ్యగారు ఇచ్చేది? వాడు ముందుగాల అడగనీ. అడిగినంక సూద్దాం ఉన్నదో లేదో" అంది నాగవ్వ. ఆయన తల గోక్కుంటూ వెళ్ళిపోయాడు.

మళ్ళీ పనిలోకి వచ్చింది. ఎవరైనా ఆ చోటు చూడలేక పల్లెకు పోతారు. ఈమె మాత్రం పొద్దున అందరికంటే ముందొచ్చేది. వచ్చి పాయింట్లు మార్చే దేవప్ప దగ్గరికి పోయేది. దేవప్ప గొర్లకాపరి ఇంట్లో పుట్టి రైల్వేలో చేరినవాడు. ఏ లైన్లోకి ఏ బండి వస్తుందో అతని చేతిమీదే ఉంటుంది. "దేవప్పన్నా, ఇయాల ఏది నడుస్తది, ఏది నడ్వది?" అని ఒకటికి మూడుసార్లు అడిగి మనసులో పెట్టుకునేది. తర్వాత ముఠా ముఠాకూ తిరిగి చెప్పేది. ఆమె చెప్పే తీరే వేరు. బంద్ అనే మాట లేదు, ఆ రెండో మాట అసలే లేదు.

"ఒకటో లైన్ల బండి రాదు. రెండో లైన్ల బండి వస్తది, అడుగు పెడితే సస్తవ్. నల్లా కాడికి షెడ్డు ఎనకనుంచి పోవాలె. ఏమన్న? మల్ల చెప్పు."

మళ్ళీ చెప్పాల్సిందే. చెప్పకపోతే గంప ఎత్తనిచ్చేది కాదు. నడివయసు హమాలీలు కూడా బడిపిల్లల్లా నిలబడి అప్పజెప్పేవాళ్ళు. అంజిలయ్య అని ఒక కొంటెవాడు, "నల్లా కాడికి నాగవ్వ నెత్తిమీంచి పోవాలె" అంటే నాలుగుసార్లు చెప్పించింది. మధ్యాహ్నం ఏదైనా మారితే, స్టేషను ముందర వేలాడదీసిన పట్టా ముక్కను సుత్తితో గణగణా వాయించేది. ఆ చప్పుడుకు నూట ఇరవై మందీ ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయేవాళ్ళు. తర్వాత ఒక్కరికి కూడా గోరు చిట్లలేదు. పని చూసే ఓవర్సీరు అనంతయ్య ఇదంతా గమనించి, గంపలు మోయడం మాన్పించి కబురు చెప్పే పనే ఆమెకు అప్పగించాడు. కిష్టప్పకు కాగితమ్మీద వేళ్ళు పెట్టించుకోవడం ఒక్కటే మిగిలింది. ఒళ్ళు మండింది ఆయనకు.

ఒకరోజు అంజిలయ్య పాపం మంచికే, "మున్షీ సాబ్, అటు పోకుర్రి, బండొస్తది" అన్నాడు. కిష్టప్ప గొడుగు కర్రతో వీపు మీద ఒకటిచ్చి, "కూలోడు నాకు చెప్తడా?" అన్నాడు. ఆ సాయంత్రం నాగవ్వ అందరినీ పిలిచింది.

"ఇగ ఆయనకు ఎవ్వరు ఏం చెప్పకుర్రి. ఆయనకు చెప్పేది నేనే. ఏమన్న? మల్ల చెప్పుర్రి."

"మున్షీకి నువ్వే చెప్తవ్" అన్నారు అందరూ.

ఆమె కళ్ళు చూసి శాంతవ్వకు భయమేసింది. "నాగీ, ఏం మొక్కు పట్టినవే తల్లీ" అంది.

ఏడాది తిరిగింది. పని చివరికొచ్చింది. మూడో లైన్ నాలుగు నెలలుగా మూతబడి ఉంది. కొత్త షెడ్డు నీడ సరిగ్గా దానిమీదే పడుతుంది కాబట్టి కిష్టప్ప అక్కడ పట్టా మీద చాప పరుచుకు కూర్చుని ఆకు వేసుకోవడం అలవాటు చేసుకున్నాడు. అంత గర్వం గల మనిషికి ఆ చోటెట్లా దొరికిందో, ఎవరు చూపించారో నేను చెప్పను. నాగవ్వ మాత్రం రోజూ ఆ చాపను చూసి పోయేది.

ఆ రోజు కొత్త ప్లాట్‌ఫారం చూడ్డానికి పెద్ద సాబు వస్తున్నాడు. విచారణ చేసిన సాబే. పది గంటలనుంచి మూడో లైన్ మళ్ళీ నడుస్తుందని దేవప్ప పొద్దున్నే చెప్పాడు. నాగవ్వ నూట ఇరవై మందికీ చెప్పింది, చెప్పించింది. కిష్టప్ప బండి ఆలస్యమైంది. దిగేసరికి పది కావొస్తోంది. స్టేషనువాళ్ళ కాగితం తీసుకుని, చదవకుండానే జేబులో కుక్కుకుని, సాబు ప్లాట్‌ఫారం మీదికి రాకముందే ఒక ఆకు వేసుకుందామని మూడో లైన్లోకి దిగి చాప పరిచాడు.

అవతలి కొసన దేవప్ప పాయింటు మార్చాడు. షెడ్డు మూల అడ్డం కాబట్టి మున్షీ అతనికి కనబడడు. బండల వ్యాగన్లు మెల్లగా కదిలాయి. ఇంజను వెనకనుంచి నెడుతోంది. ప్లాట్‌ఫారం మీద సాబు, అనంతయ్య నడిచి వస్తున్నారు. మట్టి గంపలవాళ్ళు, హమాలీలు ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోయి నాగవ్వ వైపు చూశారు. ఒక్క నోరు కూడా తెరుచుకోలేదు.

నాగవ్వ పట్టాల దగ్గరికి పోయింది. ఏడాదినుంచి దాచిన మాట కదా, అంత తేలిగ్గా రాలేదు.

"మున్షీ సాబ్, మూడో లైన్ చాలు."

కిష్టప్ప తలెత్తి చూశాడు. "ఆఁ?"

"మూడో లైన్ చాలు అంటున్న."

"అయిపోయిందా దీని పని? మంచిగైంది తియ్. ఇన్న పో." డబ్బీ తెరిచి, ఆకు తుడుచుకున్నాడు.

ప్లాట్‌ఫారం మీద అనంతయ్య ఆగిపోయాడు. యోబు విన్నదే విన్నాడు వీడు. యోబు కూర్చున్నట్టే కూర్చున్నాడు. తాగకుండానే.

నాగవ్వ వెనక్కి తిరిగి నడిచింది. నిజం చెబుతున్నాను, చావనీ అనే నడిచింది. మోకాళ్ళ కింద ఏమీ మిగలకుండా పోనీ, దవాఖానలో మూడు రోజులు వీడు కూడా అడగనీ, చాలందిగదా చాలందిగదా అని. ఒకటి, రెండు, మూడు అడుగులు. నాలుగో అడుగు దగ్గర ఆమెకు ఇంకో సంగతి తట్టింది. వీడు చస్తే ఆ కాగితం అట్లాగే ఉంటుంది. అబద్ధం ఆడిన నోరు మట్టిలో కలిస్తే నిజం ఎవడు చెప్పాలి? యోబు ఎప్పటికీ తాగుబోతే.

"నా మొగని పేరు నీ నోట్లనే ఉన్నదిరా బాడ్కావ్!" అని గావుకేక పెట్టి వెనక్కి ఉరికింది. పదేళ్ళు మట్టి మోసిన చేతులు. కిష్టప్ప మెడ పట్టుకుని ఒక్క గుంజు గుంజితే మనిషి మూడు పల్టీలు కొట్టి మట్టి కుప్పలో పడ్డాడు. వ్యాగన్లు వచ్చేశాయి. చాప, డబ్బీ, నల్ల గొడుగు చక్రాల కింద పడి నలిగాయి. గొడుగు కర్ర పటపటమని విరగడం అందరికీ వినబడింది.

బండి ఆగింది. సాబు పరుగెత్తుకొచ్చాడు. కిష్టప్ప నోట్లోంచి మట్టి ఉమ్ముతున్నాడు. నాగవ్వ అతని ముందర గొంతుక్కూర్చుంది.

"నేనేమన్న? మల్ల చెప్పు."

"చాలు... మూడో లైన్ చాలు అన్నవ్."

"నీకేం సమజైంది?"

"అయిపోయిందని... బండి రాదని."

"తాగినవా?"

"దేవుని తోడు, లేదు నాగవ్వా! పొద్దుగాల సంది చాయ గూడ తాగలే."

"మరి నా యోబు తాగిండా?"

కిష్టప్ప సాబు వైపు చూశాడు, చుట్టూ మూగిన జనం వైపు చూశాడు. నాగవ్వ అతని గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకుంది. "అటు సూడకు. నన్ను సూసి చెప్పు."

"తాగలే" అన్నాడు. కన్నీళ్ళు మట్టిలో కలిసి జారుతున్నాయి. "నేనే అబద్ధం ఆడిన. తాగలే."

సాబుకు ఏమీ అర్థం కాలేదు. లైన్ చాలూ అని ఈమె సరిగ్గానే చెప్పింది కదా, ఈ మున్షీ ఎందుకు కూర్చున్నాడని అనంతయ్యను అడిగాడు. అనంతయ్య చెప్పాడు. "సాబ్, తెలుగులో చాలు అంటే బస్."

"బస్?"

"అవును సాబ్. తీన్ నంబర్ బస్. పోయినేడు చచ్చిపోయిన మనిషి కూడా అట్లాగే విన్నాడు. తాగాడన్నది అబద్ధమని ఈ మున్షీయే ఇప్పుడు ఒప్పుకున్నాడు."

సాబు టోపీ తీశాడు. ఆ తర్వాత కాగితం తెప్పించాడు. యోబు తాగి లేడని, తెలియజెప్పిన మాటే తప్పని, తాగాడన్నది అబద్ధమని అనంతయ్య రాసి, పైకి చదివి, తెలుగులో కూడా చెప్పాడు. కిష్టప్ప జేబులోంచి కలం తీసి సంతకానికి వంగాడు. నాగవ్వ ఆ కలం లాగేసుకుంది.

"సంతకం వద్దు. వేలు పెట్టు."

"నాకు చదువొస్తది నాగవ్వా."

"ఎరికె. వేలు పెట్టు."

సిరా గుడ్డ అతని దగ్గరే ఉంది, రోజూ మోసేది అతనే కదా. బొటనవేలు అద్ది, నూట ఇరవై మంది చూస్తుండగా కాగితమ్మీద నొక్కాడు. ఆ నల్లటి వేలిని పైజామాకు తుడుచుకోబోయి ఆగి, బిక్కమొహంతో అడిగాడు:

"తప్పైంది. మాఫ్ చెయ్యి. ఇగ చాలా?"

నాగవ్వ లేచి కొంగు దులుపుకుంది.

"చాలదు. ముఠా ముఠాకు పో. యోబు తాగలే, నేనే అబద్ధమాడిన అని ఒక్కొక్కలకు చెప్పు. మల్ల చెప్పించుకో."

మున్షీ కిష్టప్ప గొడుగు లేకుండా ఎండలో బయలుదేరాడు. మొదటి ముఠా అంజిలయ్యది. అంజిలయ్య నడుముమీద చేతులు పెట్టుకుని పూర్తిగా విన్నాడు. విని, "సరిగ ఇనవడలే మున్షీ సాబ్, ఇంకొకపారి చెప్పు" అన్నాడు.